వెల్కో కంటికి ఆనని సందు

బుకొవో అనే కొండ ఊళ్ళో కారున్నవాడు ఎవడైనా సరే, కనుమ దాటి అవతలి లోయకి వెళ్ళాలంటే ముందు వెల్కో షెడ్డు దగ్గర ఆగాల్సిందే. ఊరి చివర పాలకేంద్రం దాటగానే రోడ్డు ఎత్తెక్కడం మొదలుపెడుతుంది. ఆ పైన అడవి, పొగమంచు, మలుపులు తప్ప కేకేస్తే పలికే మనిషి ఉండడు. అందుకని జనం బండి షెడ్డు ముందు నిలిపి, "బాయి వెల్కో, పైకి పోతున్నా. ఓసారి ప్లగ్గులు చూడవూ" అనేవాళ్ళు. ఆ ప్రాంతంలో తమకన్నా పెద్దవాళ్ళని పేరుకి ముందు బాయి అని చేర్చి పిలుస్తారు. వెల్కోని మాత్రం అతని కన్నా పెద్దవాళ్ళు కూడా బాయి అనే పిలిచేవాళ్ళు.

ఇంజనులో పెట్రోలుని అంటించే ప్లగ్గు కొసన మేకు మొనలాంటిది ఒకటి, దాని మీదకి వంగిన కొక్కెంలాంటిది ఒకటి ఉంటాయి. ఆ రెంటి మధ్య సందులోనే నిప్పురవ్వ దూకాలి. సందు మరీ ఇరుకైతే రవ్వ నీరసంగా పుడుతుంది, పెట్రోలు సరిగ్గా అంటుకోదు. మరీ ఎడమైతే చదును రోడ్డు మీద బండి బాగానే పోతుంది కానీ, బరువు మోస్తూ ఎత్తెక్కేటప్పుడు రవ్వ దూకలేక ఇంజను ఎక్కిళ్ళు పెడుతుంది. మిగతా మెకానిక్కులు ఆ సందులో సన్నటి ఉక్కు రేకులు దూర్చి కొలుస్తారు. వెల్కో కొలిచేవాడు కాదు. ప్లగ్గుని ఆకాశానికేసి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసి, బల్ల అంచు మీద కొక్కేన్ని ఓ దెబ్బ వేసి, మళ్ళీ చూసి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" వింటే చాలు, జనానికి ధైర్యం వచ్చేది.

అతను సున్నపు బట్టీ కూలివాడి కొడుకు. సైన్యంలో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక సహకార వ్యవసాయ క్షేత్రం గారేజీలో చేరి, ఆ క్షేత్రం మూతపడే దాకా అక్కడే ఉన్నాడు. ప్రభుత్వం మారిపోయి, ట్రాక్టర్లు తలా ఒకటి పట్టుకుపోయిన రోజుల్లో వెల్కో ఏమీ ఆశించలేదు. రేకుల షెడ్డు మాత్రం ఎవరికీ అక్కర్లేక అతనికి మిగిలింది. భార్య సెవ్దా బేకరీలో పనిచేసేది. పిల్లల్లేరు. ప్రాణ స్నేహితుడు దొబ్రి కూతురు ఎలిత్సాకి బాప్తిస్మమప్పుడు వెల్కోయే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. ఆ పిల్లంటే ఇద్దరికీ సొంత కూతురే.

వెల్కోకి ఒక్కటే దురుసు. చర్చి వెనక వీధిలో గెన్చో అనే మెకానిక్కు ఉండేవాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, నిదానమైన మనిషి. ప్రతి ప్లగ్గుకీ రేకు దూర్చి, రేకు సందులో కాస్త పట్టీ పట్టనట్టు కదిలితేనే ఒప్పుకునేవాడు. సారాకొట్టులో వెల్కో అతన్ని చూస్తే ఊరుకునేవాడు కాదు.

"ఏమోయ్ గెన్చో, నిన్న రాత్రి మీ ఆవిడ కూరలో ఉప్పు కూడా రేకు పెట్టే కొలిచిందా?"

అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. గెన్చో కూడా నవ్వి, "కొలిచింది బాయి. అందుకే బావుంది" అనేవాడు.

యాభై దాటాక వెల్కో పత్రికని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. సెవ్దా కనిపెట్టింది.

"చెయ్యి ఇంకాస్త పొడుగుంటే బావుండేది కదూ" అంది ఒకరోజు.

"ఈ మధ్య అచ్చు బాగా వెయ్యట్లేదు."

"నాకు బాగానే కనబడుతోందే. పట్నం వెళ్ళి కళ్ళజోడు పెట్టించుకోరాదూ?"

"కళ్ళజోడు పెట్టుకుని షెడ్డులో కూర్చుంటే నా దగ్గరికి ఎవడొస్తాడే? కంటితో కొలిచేవాడికి కన్నే పోయిందని ఊరంతా టముకు వేసుకోవాలా?"

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వెల్కో చేతివేళ్ళకి ఎన్నేళ్ళ అలవాటో ఉంది కాబట్టి పని నడిచిపోయింది. పాత ప్లగ్గులైతే మసి తుడిచి, ఉన్న సందు ఉన్నట్టే వదిలేసి, "ఊఁ" అనేసేవాడు. అదేమంత తప్పు కాదని తనకి తనే చెప్పుకునేవాడు.

ఎలిత్సా పెళ్ళి కుదిరింది. వరుడిది కనుమ అవతలి ఊరు. పెళ్ళికూతుర్ని దొబ్రి కారులోనే పంపాలని, దాన్ని జ్ఞానతండ్రి వెల్కోయే నడపాలని అనుకున్నారు. పెళ్ళికి వారం ముందు బండి కాస్త ఎక్కువ పెట్రోలు తాగుతోందని దొబ్రి గెన్చో చేత, ఇంజనుకి పెట్రోలు అందించే కార్బురేటర్ సరిచేయించాడు. ఆ సంగతి తెలిసి వెల్కో మొహం ముడుచుకున్నాడు.

"నన్నడిగితే నేను చేసేవాణ్ణిగా?"

"నీకు పెళ్ళి పనులే సరిపోతున్నాయనీ..." అని దొబ్రి నసిగాడు.

"సరే. ప్లగ్గులు మాత్రం నేనే కొత్తవి వేస్తా. నా కూతురు వెళ్ళే బండి అది."

పెళ్ళికి ముందు రోజు ఉదయం కొత్త ప్లగ్గులు పెట్టెల్లోంచి తీశాడు. పాతవాటిని తుడిచి వదిలేసినట్టు కొత్తవాటిని వదిలెయ్యడానికి లేదు, సందు సరిచేయాలి. ఆకాశానికేసి పట్టుకుని చూశాడు. కొక్కెం, మేకు కలిసిపోయి ఒక బూడిదరంగు మచ్చలా ఉన్నాయి. చెయ్యి దూరం జరిపితే సందు ఉన్నట్టే ఉంది, ఎంతుందో తెలియలేదు. ఇరుకైపోయిందేమోనని భయపడి స్క్రూడ్రైవర్ మొనతో కొక్కేన్ని కాస్త పైకి లేపాడు. మరోదాన్ని ఇంకాస్త లేపాడు. బిగించి ఇంజను తిప్పితే వెంటనే అందుకుంది. బజారు దాకా నడిపి చూశాడు. బాగానే ఉంది. బజారు రోడ్డు చదునే.

మర్నాడు వాన. అయినా ఊరేగింపు కళగా బయలుదేరింది. ముందు దొబ్రి కారు, బానెట్టుకి రిబ్బన్లు, ముందు సీటులో వెల్కో పక్కన దొబ్రి, వెనక సీటులో ఎలిత్సా, ఆమె తల్లి, సెవ్దా. వెనక చుట్టాల బండ్లు. అన్నిటికన్నా చివర డోలు, క్లారినెట్టుతో మేళగాళ్ళ వ్యాను. గెన్చో కూడా తన బండిలో వచ్చాడు.

అడవి మొదలైన చోట కారు మొదటిసారి దగ్గినట్టయింది. వెల్కో గేరు మార్చాడు. రెండో మలుపులో ఇంజను కుదుపులు మొదలయ్యాయి.

"ఏమైంది నాన్నా?" అంది ఎలిత్సా. వెల్కోని ఆమె నాన్నా అనే పిలిచేది.

"ఏం లేదు తల్లీ. చెమ్మకి కాస్త మొండికేస్తోంది."

ఇంకో మలుపు తిరిగాక బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా మూలిగింది తప్ప అందుకోలేదు. వెనక బండ్లన్నీ వరసగా ఆగాయి. ఇరుకు రోడ్డు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పెళ్ళికూతుర్ని ఎక్కించుకుని ముందుకి పోదామంటే ఆగిన కారుని దాటి ఏ బండీ పోవడానికి లేదు. చివర్నున్న మేళగాళ్ళే తెలివైనవాళ్ళు. వాళ్ళు వెనక్కి పోయి, పాత రాతిగని దారిలోంచి చుట్టి, పై మలుపు దగ్గర రోడ్డెక్కారు. ఎలిత్సా తెల్ల గౌను మోకాళ్ళ దాకా ఎత్తుకుని, దొబ్రి చెయ్యి పట్టుకుని, బురదలో పై మలుపు దాకా నడిచి ఆ వ్యాను ఎక్కింది. లోపల చోటు లేక డోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట.

కింద కారు దగ్గర వానలో మగవాళ్ళంతా మూగారు. వెల్కో బానెట్టెత్తి, ఒక ప్లగ్గు విప్పి చేతిలో పట్టుకున్నాడు. అది వేడిగా ఉంది, తడిగా ఉంది, పెట్రోలు వాసన వేస్తోంది. రవ్వ పడలేదని అతనికి చూడకుండానే తెలిసింది. ఎందుకు పడలేదో కూడా తెలిసింది.

"ఏంటి బాయి?" అన్నారెవరో.

అందరూ అతని మొహంలోకే చూస్తున్నారు. అప్పుడు వెల్కో నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు.

"కార్బురేటర్. పోయిన వారం దాన్ని ఎవరు కెలికారో వాళ్ళనే అడగండి."

తలలన్నీ గెన్చో వైపు తిరిగాయి. గెన్చో తన బండిలోంచి పనిముట్ల సంచి తెచ్చుకుని, మిగతా ప్లగ్గులు విప్పాడు. జేబులోంచి రేకులు తీసి, మందపు రేకొకటి సందులో పెట్టాడు. అది ఎక్కడా తగలకుండా అవతలికి వచ్చేసింది. రెండో ప్లగ్గులోనూ అంతే. అతను తలెత్తాడు. ఎదురుగా వెల్కో ఇంకా తన చేతిలో ప్లగ్గుని చూస్తున్నాడు, చెయ్యి పూర్తిగా చాపి, తల వెనక్కి వాల్చి, కళ్ళు చికిలించి. గెన్చో మెల్లగా ఆ ప్లగ్గు అతని చేతిలోంచి తీసుకున్నాడు. వాన పడకుండా బానెట్టు కిందకి వంగి, అన్నిటి కొక్కేలూ ఒకటొకటిగా నొక్కి, రేకుతో చూసి, తుడిచి, బిగించాడు. బండి అందుకుంది.

"ఏంట్రా, ఏమైంది దీనికి?" అని దొబ్రి బావమరిది గద్దించాడు.

"కార్బురేటరే" అన్నాడు గెన్చో, చేతులు తుడుచుకుంటూ. "స్క్రూ సరిగ్గా బిగించలేదు నేను, పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిశాయి. నాదే పొరపాటు."

వెల్కో నోరు విప్పబోయాడు. విప్పలేదు. ఆ తర్వాత జీవితంలో అతను ఎన్నోసార్లు తలుచుకుని ముడుచుకుపోయింది ఆ క్షణం గురించే. చేసిన తప్పు ఒక ఎత్తు, వేసిన నింద ఒక ఎత్తు. ఆ రెంటినీ మించి, ఒకడు తన కోసం వానలో నిలబడి తల వంచుకుంటే తాను బండెక్కి స్టీరింగు పట్టుకోవడం.

అవతలి ఊళ్ళో ఆచారం ప్రకారం రొట్టె, తేనె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అత్తగారు వ్యానులోంచి దిగిన కోడల్ని చూసి, "మేము కోడల్ని అడిగితే వాయిద్యగాళ్ళని పంపారేంటి?" అందట. హాస్యానికే అంది. కానీ ఆ మాట ఊరంతా పాకింది. ఎలిత్సాకి డోలు కోడలని పేరు పడింది.

బుకొవోలో జనం గెన్చో షెడ్డుకి వెళ్ళడం తగ్గించేశారు. "పెళ్ళికూతుర్ని రోడ్డున నిలబెట్టాడు" అనేవాళ్ళు. ఆ బండ్లన్నీ వెల్కో దగ్గరికి వచ్చాయి. బేకరీకి వచ్చే గెన్చో భార్య, సెవ్దా చేతి నుంచి రొట్టె తీసుకోవడం మానేసి, పక్కన ఉన్న పిల్ల చేత ఇప్పించుకోసాగింది.

సెవ్దాకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ రోజు వెనక సీటులో కూర్చుని పక్క అద్దంలోంచి ఆమె అంతా చూసింది. కొన్నాళ్ళు ఓపిక పట్టి, ఓ సాయంత్రం చిక్కుడుకాయ పులుసు కంచంలో వడ్డిస్తూ అడిగింది.

"ఆ మూట ఇంకా ఎన్నాళ్ళు అతని చేత మోయిస్తావు?"

వెల్కో చెంచా కింద పెట్టాడు. "నేను మొయ్యమన్నానా?"

"వద్దని కూడా అనలేదుగా."

మర్నాడు అతను పట్నం బస్సెక్కాడు. కళ్ళ డాక్టరు అద్దాలు మార్చి మార్చి చూపించి జోడు రాసిచ్చింది. అది తెచ్చుకుని, షెడ్డు తలుపు లోపల గడియ పెట్టుకుని, పెట్టుకున్నాడు. ముందు తన గోళ్ళ కింద మురికి కనబడింది. బల్ల మీద ఎవరి బండికో వెయ్యాల్సిన ప్లగ్గు ఉంది, ముందు రోజు "ఊఁ" అని పక్కన పెట్టింది. తీసి చూశాడు. ఆ సందులో గోరు కూడా పట్టేలా ఉంది. ఇలాంటివి ఎన్ని బండ్లకి బిగించానో, ఎంతమంది వాటిని నమ్ముకుని ఆ కనుమ ఎక్కారో అని తలుచుకునేసరికి ఇక ఆగలేక కళ్ళజోడు జేబులో వేసుకుని గడియ తీశాడు.

ఆ రోజే గెన్చో ఇంటికి వెళ్ళాడు. గెన్చో పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"ఎందుకు చేశావయ్యా ఆ పని?" అన్నాడు వెల్కో, పలకరింపు కూడా లేకుండా.

గెన్చో గొడ్డలి ఆనించి నిలబడ్డాడు. "మా నాన్న దర్జీ, మీకు గుర్తుందిగా బాయి. ఆఖర్లో సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళు కనబడేవి కావు. అమ్మ తెల్లారగట్ల లేచి సూదులన్నిటికీ దారాలు ఎక్కించి దిండుకి గుచ్చి పెట్టేది. నాకు తెలుసని ఆయనకి తెలియనివ్వలేదు మేము. ఆ రోజు మిమ్మల్ని అలా చూసేసరికి... నోటికి ఆ మాటే వచ్చింది. అంతే."

"నేను అందరికీ చెప్పేస్తా."

"చెప్పకండి. నాలుగు రోజులు పోతే వాళ్ళే మర్చిపోతారు."

వెల్కో వినలేదు. నేరుగా దొబ్రి దగ్గరికి వెళ్ళి, తప్పు తనదని, ప్లగ్గులు తానే పాడు చేశానని చెప్పాడు. దొబ్రి అంతా విని లేచి అతన్ని కౌగలించుకున్నాడు.

"నీ మనసు నాకు తెలీదూ? వాడికి గిరాకీ పోతోందని నువ్వు ఇదంతా మీదేసుకుంటున్నావు. నీలాంటి మనిషి ఉండడురా."

"అది కాదు దొబ్రీ. నిజంగానే నాకు కళ్ళు..."

"ఊరుకో. నీ కళ్ళ సంగతి నాకు చెప్పకు. తాగుదాం పట్టు."

ఇద్దరు ముగ్గురికి చెప్పి చూశాడు. అందరూ భుజం తట్టారు. ఊళ్ళో వెల్కో పేరు ఇంకా పెరిగింది. శత్రువుని కూడా వెనకేసుకొస్తున్న మనిషని మెచ్చుకున్నారు. ఆ మెప్పు మాత్రం అతనికి ఒంటి మీద పాకే పురుగులా ఉండేది. వీధిలో ఎవరైనా టోపీ తీసి పలకరిస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఆదివారం మధ్యాహ్నం, ప్రార్థన అయ్యాక, మిన్కా సారాకొట్టు నిండిపోయి ఉంది. మిన్కా గట్టి మనిషి, మొగుడు పోయాక కొట్టు తనే నడుపుతోంది. వెల్కో లోపలికి వచ్చి, కూర్చోకుండా, జేబులోంచి కొత్త ప్లగ్గు ఒకటి తీసి దొబ్రి ముందు పెట్టాడు.

"ఇప్పుడే పెట్టె విప్పా. దీని సందు నేను సరిచేస్తా, అందరూ చూడండి. గెన్చో, నీ రేకులు మిన్కాకి ఇవ్వు."

మూల బల్ల దగ్గరున్న గెన్చో సగం లేచాడు. "వద్దు బాయి."

"ఇవ్వవయ్యా."

జనం ఉత్సాహంగా కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. బాయి వెల్కో రేకుగాడికి బుద్ధి చెప్పబోతున్నాడనుకున్నారు. ఎవడో పందెం కూడా కాశాడు. వెల్కో కళ్ళజోడు జేబులోనే ఉంచి, ప్లగ్గుని కిటికీ వెలుతురుకేసి పట్టుకున్నాడు. మనస్ఫూర్తిగా, ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చూశాడు. బల్ల అంచు మీద ఓ దెబ్బ వేశాడు. మళ్ళీ చూశాడు. స్క్రూడ్రైవర్ మొన పెట్టి కాస్త లేపాడు. "ఊఁ" అన్నాడు.

"ఇప్పుడు కొలువు మిన్కా. సరైన రేకు ఏదో గెన్చో చెప్తాడు."

గెన్చో తల ఎత్తకుండానే రేకు వేరుచేసి ఇచ్చాడు. మిన్కా దాన్ని సందులో పెట్టింది. ఏ పక్కా తగల్లేదు. దానికి ఇంకోటి జత చేసి పెట్టింది. రెండూ వదులుగానే ఆడాయి. ఆమె వెల్కో మొహంలోకి చూసి, గొంతు తగ్గించి, "బాయి, ఇందులో పిల్లి కూడా దూరేట్టుందే" అంది.

వెనక బల్ల నుంచి ఒకడు కిసుక్కున నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"పెళ్ళి రోజున కూడా ఇంతే ఉంది" అన్నాడు వెల్కో. "కార్బురేటర్ బాగానే ఉంది. నాకు చూపు ఆనడం లేదు. ఆనడం లేదని నాకు తెలిసే తప్పు గెన్చో మీద పెట్టా."

మెడ నుంచి చెవుల దాకా కాలిపోతున్నట్టుంది అతనికి. ఎవరో ఒకరు తిడితే బావుండునని చూశాడు. ఎవరూ తిట్టలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళు గ్లాసుల్లోకి చూస్తున్నారు. పందెం కాసినవాడు టోపీ సరిచేసుకుంటున్నాడు. చివరికి దొబ్రి లేచాడు.

"నా కూతుర్ని అక్కడ ఏమని పిలుస్తున్నారో తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసి ఇన్నాళ్ళు నా బల్ల దగ్గర కూర్చుని తిన్నావు."

దొబ్రి టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగానే వేశాడు.

వెల్కో బయటికి వచ్చేసరికి గెన్చో వెనకే వచ్చాడు. థాంక్స్ చెబుతాడేమోనని కాదు గానీ, ఓ మంచి మాట అంటాడనుకున్నాడు వెల్కో. గెన్చో కోపంగా ఉన్నాడు.

"నన్నేం చేశారో తెలుసా బాయి? ఇన్నాళ్ళూ చేతకానివాణ్ణి. ఇప్పుడు చేతకానివాణ్ణి కాదు, అబద్ధాలకోరుని. దొబ్రి రేపు వచ్చి, నీకు తెలిసి నాకెందుకు చెప్పలేదురా అంటే ఏం చెప్పను? మీ బరువు దించుకోవాలని అంతమంది ముందు దించుకున్నారు. నన్నో మాట అడిగారా?"

"లేదు" అన్నాడు వెల్కో. "అదీ తప్పే."

గెన్చో చేతిలో ఉన్న రేకులు జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళాడు.

గిరాకీ మెల్లగా గెన్చో దగ్గరికి తిరిగి వెళ్ళింది. వెల్కో దగ్గరికి టైరు పంక్చర్లు, బ్రేకు తీగలు, పాల క్యాన్ల మాట్లు వచ్చేవి. ప్లగ్గుల పని వస్తే తనే గెన్చో దగ్గరికి పంపేవాడు. ఎలిత్సా పండగలకి వచ్చినప్పుడు అతని చెయ్యి ముద్దుపెట్టుకుని, "అక్కడ ఆ పేరు ఇప్పుడు నాకే నవ్వొస్తుంది నాన్నా, మనసులో పెట్టుకోకు" అంది. అతను పెట్టుకున్నాడు. దొబ్రి చాలా కాలం మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు, వాతావరణం గురించి, ద్రాక్ష పంట గురించి. మునుపటిలా భుజం మీద చెయ్యి వెయ్యలేదు.

కొన్నేళ్ళకి, ఓ వేసవి మధ్యాహ్నం, సముద్రానికి పోతున్న పరాయి ఊరివాడొకడు పొగ కక్కుతున్న పాత కారుతో షెడ్డు ముందు ఆగాడు. గెన్చో ఆ రోజు ఊళ్ళో లేడు. వెల్కో ప్లగ్గులు విప్పాడు. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతోంది. దాన్ని ముక్కు మీదకి ఎత్తుకోబోతూ ఆగి, ఆ మనిషి చూస్తున్నాడేమోనని ఓరగా గమనించాడు. చెవులు వేడెక్కాయి. అయినా పెట్టుకున్నాడు. సొరుగులోంచి రేకులు తీసి, ఒకటి సందులో దూర్చి, అది పట్టీ పట్టనట్టు కదిలేదాకా కొక్కేన్ని నొక్కాడు. ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ కొలిచాడు. ఎందుకైనా మంచిదని మళ్ళీ మొదటి నుంచి కొలిచాడు.

ఆ మనిషి ఇటు చూడనేలేదు. కారు నీడలో కూర్చుని, కూతురికి పుచ్చకాయ ముక్క కోసిపెడుతూ, గింజలు ఎంత దూరం ఉమ్మగలదో చూస్తున్నాడు.